న్యాయవాది లేని వాది, ట్రైబ్యునల్ ఉత్తర్వు

బ్రిటన్‌లో ఉద్యోగం నుంచి అన్యాయంగా తొలగించారనో, రావలసిన జీతం ఎగ్గొట్టారనో, జాతి, లింగం, వైకల్యం వంటి కారణాలతో వివక్ష చూపారనో యజమానిపై ఫిర్యాదు చేయదలచిన ఉద్యోగి ప్రధానంగా ఆశ్రయించేది సాధారణ సివిల్ కోర్టును కాదు, ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్ అనే ప్రత్యేక న్యాయస్థానాన్ని. అక్కడ ఫిర్యాదు నమోదైన నాటికీ సాక్షుల విచారణ జరిగే నాటికీ మధ్య నెలలు, కొన్ని కేసుల్లో ఏళ్లు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో ఎవరు ఏ పత్రాన్ని ఎప్పటిలోగా ఎవరికి అందజేయాలో నిర్దేశిస్తూ న్యాయమూర్తి జారీ చేసే ఆదేశాలను ప్రక్రియాపరమైన ఉత్తర్వులని, అక్కడి వాడుకలో కేస్ మేనేజ్‌మెంట్ ఆర్డర్లని అంటారు. తన కేసును తానే నడుపుకునే వ్యక్తి ఎక్కువగా భయపడేది చివరి విచారణ రోజున ఎదుటి పక్షం న్యాయవాది వేసే ప్రశ్నలకే అయినా, ఆ కేసు నిలుస్తుందా పోతుందా అన్నది చాలాసార్లు అంతకు ఎంతో ముందే, ఈ ఉత్తర్వులకు అతను స్పందించిన తీరును బట్టి, మరీ ముఖ్యంగా స్పందించకుండా ఊరుకున్న సందర్భాలను బట్టి తేలిపోతుంది.

ఈ ట్రైబ్యునళ్లు 1964 నాటి చట్టంతో ఇండస్ట్రియల్ ట్రైబ్యునళ్లు అన్న పేరుతో, చాలా పరిమితమైన అధికారాలతో మొదలయ్యాయి. అన్యాయపు తొలగింపును విచారించే అధికారం 1971 చట్టంతో దక్కింది, ఇప్పటి పేరు 1998లో వచ్చింది. సామాన్య ఉద్యోగి న్యాయవాది అవసరం లేకుండా, ఖర్చు లేకుండా, త్వరగా న్యాయం పొందాలన్నది మొదటి నుంచీ వాటి ఆశయం. 2013 జూలైలో ప్రభుత్వం ఫిర్యాదులకు రుసుము విధించి, అన్యాయపు తొలగింపు కేసును చివరిదాకా నడపాలంటే 1,200 పౌండ్లు కట్టవలసిన పరిస్థితి తెచ్చినప్పుడు ఫిర్యాదులు దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయాయి. యూనిసన్ అనే కార్మిక సంఘం వేసిన కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2017 జూలై 26న ఆ రుసుములు చట్టవిరుద్ధమని తేల్చి కొట్టివేసింది. రుసుము పోయింది గాని న్యాయవాది ఖర్చు పోలేదు. 2013 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ న్యాయ సహాయాన్ని బాగా కుదించడంతో ఉద్యోగ వివాదాల్లో చాలా భాగానికి ఆ సహాయం అందడం లేదు. పైగా ఈ ట్రైబ్యునల్‌లో గెలిచినవారికి ఓడినవారు ఖర్చులు చెల్లించడం మామూలు పద్ధతి కాదు కాబట్టి, కొద్ది వేల పౌండ్ల పరిహారం కోసం అంతకు మించిన ఫీజు చెల్లించి న్యాయవాదిని పెట్టుకోవడం చాలామందికి గిట్టుబాటు కాదు. బ్రిటన్‌లోని ఆసుపత్రుల్లో, వృద్ధుల సంరక్షణ గృహాల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేస్తున్న తెలుగువారికి ఇది దూరపు విషయం కాదు. యజమాని స్పాన్సర్‌షిప్ మీద వీసా ఉన్నవారికి ఉద్యోగం పోయిన తరువాత దేశంలో ఉండడానికి సాధారణంగా 60 రోజులకు మించి వ్యవధి దొరకదు కాబట్టి, కొత్త కొలువు వెతుక్కుంటూనో, సామాను సర్దుకుంటూనో ట్రైబ్యునల్ ఉత్తరాలకు జవాబులు రాయవలసిన అవస్థ వారిది.

కేసు క్రమం ఇలా ఉంటుంది. ఫిర్యాదుకు ముందు రాజీ ప్రయత్నం కోసం ఏకాస్ అనే ప్రభుత్వ సంస్థను సంప్రదించాలి. అక్కడ ఇచ్చే ధ్రువపత్రం సంఖ్యతో ఈటీ1 అనే ఫారాన్ని ఉద్యోగి దాఖలు చేస్తాడు. ట్రైబ్యునల్ దాని నకలును యజమానికి పంపిన నాటి నుంచి 28 రోజుల్లో యజమాని ఈటీ3 అనే ఫారంలో జవాబివ్వాలి. ఆపై న్యాయమూర్తి రెండు ఫారాలనూ చదివి కేసును ఎలా నడపాలో నిర్ణయిస్తారు. జీతం బకాయి వంటి సాదా ఫిర్యాదు అయితే విచారణ తేదీతో పాటే ప్రామాణిక ఆదేశాలు తపాలాలోనో ఈమెయిల్‌లోనో వచ్చేస్తాయి. వివక్ష, అక్రమాలను బయటపెట్టినందుకు వేధింపు వంటి చిక్కు ఫిర్యాదుల్లో ముందుగా ప్రాథమిక విచారణ పెట్టి, సాధారణంగా ఫోనులోనో వీడియోలోనో ఇరుపక్షాలతో మాట్లాడిన తరువాతే ఉత్తర్వులు జారీ చేస్తారు. ఈ అధికారాలన్నీ 2025 జనవరి 6 నుంచి అమల్లోకి వచ్చిన 2024 నాటి ప్రక్రియ నియమావళిలో ఉన్నాయి. అంతకు ముందున్న 2013 నియమావళితో పోలిస్తే సారాంశంలో పెద్ద తేడా లేకపోయినా నియమాల సంఖ్యలు మారాయి కాబట్టి, పాత పుస్తకంలో చూసిన సంఖ్యను దరఖాస్తులో ఉటంకించే ముందు కొత్త నియమావళితో సరిచూసుకోవడం అవసరం.

ఉత్తర్వు చేతికి అందగానే చేయవలసిన పని దాన్ని వాక్యం వాక్యంగా విడదీసి చదవడం. ఉదాహరణకు ఒక ఉత్తర్వు మూడవ పేరాలో, వాది మార్చి 13 సాయంత్రం 4 గంటలలోగా తాను కోరే పరిహారం లెక్కను ప్రతివాదికి పంపి, నకలును ట్రైబ్యునల్‌కు సమర్పించాలని ఉన్నదనుకుందాం. ఈ ఒక్క వాక్యంలో ఐదు విషయాలున్నాయి: పని ఎవరిది, ఏమి పంపాలి, ఎవరికి పంపాలి, నకలు ఎవరికి, ఏ గడియలోగా. సాయంత్రం 4 గంటలు అన్నప్పుడు రాత్రి 11 గంటలకు పంపిన ఈమెయిల్ ఆలస్యమైనట్టే లెక్క. ఎదుటి పక్షానికి మాత్రమే ఇవ్వమన్న పత్రాలను ట్రైబ్యునల్‌కు కూడా పంపడం కొత్తవారు తరచూ చేసే పని. దానివల్ల కేసుకు మేలేమీ జరగదు సరికదా, అసలే పని ఒత్తిడిలో ఉన్న కార్యాలయంలో, తక్షణం న్యాయమూర్తి కంట పడవలసిన దరఖాస్తు ఆ కాగితాల కింద ఉండిపోయే ప్రమాదం ఉంది. ప్రతి ఆదేశాన్నీ ఒక కాగితంపై తేదీల వారీగా రాసుకుని, ప్రతి గడువుకూ వారం ముందు సొంత గడువు ఒకటి పెట్టుకునే అలవాటు వృత్తి న్యాయవాదులకు ఉంటుంది. సొంతంగా వాదించుకునేవారికి ఆ అలవాటు మరింత అవసరం, ఎందుకంటే వారికి గుర్తుచేసే గుమస్తా ఎవరూ ఉండరు.

మామూలుగా వచ్చే ఆదేశాలు నాలుగైదు రకాలు. పరిహారం లెక్క అంటే పోయిన జీతం, పింఛను, ఇతర సదుపాయాల విలువను వారాల వారీగా కట్టి చూపే పట్టిక. తరువాత దొరికిన ఉద్యోగపు ఆదాయాన్ని అందులో మినహాయించాలి, దొరకకపోతే వెతికిన దాఖలాలు చూపాలి, ఎందుకంటే నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేయవలసిన బాధ్యత చట్టం ఉద్యోగిపైనే పెట్టింది. పత్రాల వెల్లడి అనే ఆదేశం ఇంతకన్నా కఠినమైనది: కేసుకు సంబంధించి తన దగ్గర ఉన్న పత్రాలన్నిటినీ, తనకు అనుకూలమైనవే కాక ప్రతికూలమైనవి కూడా ఎదుటివారికి చూపాలి. ఇక్కడ పత్రం అంటే కాగితమే కాదు. వాట్సాప్ సంభాషణలు, ఈమెయిళ్లు, డైరీలో రాసుకున్న గమనికలు, ఫోనులో రికార్డు చేసిన మాటలు అన్నీ దాని కిందికే వస్తాయి. సంభాషణలో తనకు పనికివచ్చే నాలుగు వరుసలు మాత్రం స్క్రీన్‌షాట్ తీసి, ముందూ వెనకా ఉన్నవి వదిలేయడం వల్ల దాచిపెట్టారన్న అనుమానం వస్తుంది. తెలుగువారి కేసుల్లో మరొక చిక్కు ఉంటుంది. తోటి తెలుగు ఉద్యోగితోనో పైఅధికారితోనో తెలుగులో, తరచుగా ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసిన తెలుగులో, జరిగిన సంభాషణను న్యాయమూర్తి చదవలేరు. దాన్ని ఆధారంగా వాడదలచినవారే ఇంగ్లిష్ అనువాదం సమకూర్చి, అసలు పాఠాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి, వెల్లడి గడువులోపే ఎదుటివారికి అందజేయాలి. దీనికి పట్టే సమయాన్ని మొదట్లోనే అంచనా వేసుకోకపోతే గడువు దాటిపోవడం ఖాయం. అయితే రాజీ కోసం ఏకాస్ అధికారితో చెప్పుకున్న మాటలను చెప్పినవారి సమ్మతి లేకుండా సాక్ష్యంగా వాడకూడదని చట్టమే అంటున్నది కాబట్టి, అవి ఈ వెల్లడిలో చేరవు.

వెల్లడైన పత్రాల నుంచి విచారణకు అవసరమైనవి ఏరి, వరుసగా పుటల సంఖ్యలు వేసి తయారుచేసే సంపుటాన్ని బండిల్ అంటారు. యజమాని తరఫు న్యాయవాదులే సాధారణంగా దీన్ని తయారుచేస్తారు గాని, తాను అడిగిన పత్రం అందులో చేరిందో లేదో చూసుకోవలసింది వాదే. ఆ తరువాతి మెట్టు సాక్షి వాంగ్మూలాల మార్పిడి. ఇంగ్లండ్, వేల్స్‌లలో సాక్షి చెప్పదలచినదంతా పేరాలకు సంఖ్యలు వేసి, బండిల్ పుటలను ఉదహరిస్తూ రాతపూర్వకంగా ముందే ఇవ్వాలి. విచారణలో న్యాయమూర్తి దాన్ని ముందుగానే చదివి ఉంటారు కాబట్టి సాక్షి నేరుగా ఎదుటివారి ప్రశ్నలకు జవాబివ్వవలసి వస్తుంది. స్కాట్లండ్‌లో మాత్రం రాతపూర్వక వాంగ్మూలాలు మామూలు పద్ధతి కాదు, సాక్షి నోటితోనే అంతా చెబుతాడు. ఉత్తర ఐర్లండ్‌లోనైతే ట్రైబ్యునల్ వ్యవస్థే వేరు. మార్పిడి అంటే ఇరుపక్షాలూ ఒకే సమయంలో ఇచ్చిపుచ్చుకోవడం. ఎదుటివారి వాంగ్మూలాలు చూసి తనవి దిద్దుకునే అవకాశం ఎవరికీ ఉండకూడదన్నది దాని ఉద్దేశం కాబట్టి, అవతలివారు సిద్ధంగా లేకపోతే తన వాంగ్మూలాన్ని తొందరపడి పంపకుండా, తాను సిద్ధంగా ఉన్నట్టు గడువు రోజునే ఈమెయిల్‌లో నమోదు చేసి ట్రైబ్యునల్‌కు నకలు పంపడం మంచి పద్ధతి.

ప్రాథమిక విచారణ తరువాత వచ్చే ఉత్తర్వులో అన్నిటికన్నా విలువైనది, అయినా చాలామంది పైపైన చూసి వదిలేసేది, వివాదాంశాల జాబితా. ట్రైబ్యునల్ చివరికి తేల్చవలసిన ప్రశ్నలేమిటో అందులో ఉంటాయి: ఫలానా తేదీన ఫలానా పర్యవేక్షకుడు ఫలానా మాట అన్నాడా, అంటే అది జాతి కారణంగా అన్నదా, ఆ ఫిర్యాదు కాలపరిమితిలోపు వచ్చిందా అన్న రీతిలో. ఈటీ1లో పది పుటలు రాసుకున్న ఫిర్యాదు ఈ జాబితాలో మూడు ప్రశ్నలుగా కుదించబడి ఉంటే, మిగిలినది విచారణలో వినిపించే అవకాశం దాదాపు లేనట్టే. అందుకే జాబితా తప్పుగానో అసంపూర్తిగానో ఉందనిపిస్తే ఏ తేదీలోగా రాయాలో ఉత్తర్వు చెప్పినప్పుడు, ఆ తేదీలోగా ఈటీ1లోని ఏ పేరా జాబితాలో చేరలేదో చూపుతూ రాయాలి. ఈటీ1లో అసలే లేని కొత్త ఫిర్యాదును మాత్రం ఈ దారిలో చేర్చడం కుదరదు. దానికి ఫిర్యాదు సవరణకు విడిగా దరఖాస్తు చేసి, ఆలస్యానికి కారణం చెప్పి, సవరణకు ఒప్పుకుంటే ఎదుటివారికి కలిగే ఇబ్బంది కన్నా ఒప్పుకోకపోతే తనకు కలిగే నష్టం ఎక్కువని చూపవలసి ఉంటుంది. మరిన్ని వివరాలు ఇవ్వమని ఆదేశించినప్పుడు కూడా కావలసింది ఆవేదన కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేశారు, అది చట్టంలోని ఏ రకం వివక్ష కిందికి వస్తుందని వాది భావిస్తున్నాడు అన్న ముక్కలు కావాలి. బాధపడినవారికి బాధను పక్కనపెట్టి తేదీలు రాయడం ఎంత కష్టమో న్యాయమూర్తులకు తెలియనిది కాదు, అయినా ఆ తేదీలు లేనిదే వారు ముందుకు వెళ్లలేరు.

ఇక అసలు చిక్కు, ఉత్తర్వును గడువులోగా పాటించలేని పరిస్థితి వచ్చినప్పుడు. జబ్బు చేయవచ్చు, ఇంట్లో మరణం సంభవించవచ్చు, యజమాని ఇవ్వవలసిన పత్రాలు రాకపోవడం వల్ల తన పని ఆగిపోవచ్చు. ఇవన్నీ ట్రైబ్యునల్ అర్థం చేసుకునే కారణాలే. అర్థం చేసుకోనిది మౌనం. గడువు ముగియకముందే రాసిన నాలుగు వాక్యాల దరఖాస్తుకు, ముగిసిన మూడు వారాల తరువాత రాసిన నాలుగు పుటల వివరణకు లేని బలం ఉంటుంది. ఆ నాలుగు వాక్యాల్లో చెప్పవలసినవి కూడా కొద్దివే: కేసు సంఖ్య, ఇరుపక్షాల పేర్లు, ఏ తేదీ నాటి ఉత్తర్వులో ఏ పేరాను మార్చమంటున్నారు, పై ఉదాహరణలోని మార్చి 13కు బదులు ఏ తేదీ కావాలి, కారణం ఏమిటి, దానికి రుజువు ఏమిటి, ఈ మార్పు వల్ల విచారణ తేదీ కదలదని, ఎదుటి పక్షాన్ని ముందే అడిగామని, వారేమన్నారో అదీ. దరఖాస్తు నకలును అదే సమయంలో ఎదుటి పక్షానికి పంపి, పంపినట్టు అందులోనే పేర్కొనాలి. అభ్యంతరాలుంటే వీలైనంత త్వరగా ట్రైబ్యునల్‌కు తెలపాలని వారికి చెప్పాలి. ఈ రెండూ మర్యాద కోసం కాదు, నియమావళి విధించిన షరతులు. ఎదుటివారికి తెలియకుండా న్యాయమూర్తికి ఏదైనా రాయడం, సాక్షిని రప్పించే ఉత్తర్వు కోసం దరఖాస్తు వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పితే, నిషిద్ధం.

చాలా ఉత్తర్వుల్లోనే ఇంకొక సులువైన దారి ఉంటుంది. విచారణ తేదీకి భంగం లేనంత వరకు ఏ గడువునైనా 14 రోజుల దాకా ఇరుపక్షాలూ పరస్పర అంగీకారంతో పొడిగించుకోవచ్చని, దానికి ట్రైబ్యునల్ అనుమతి అక్కర్లేదని అందులో రాసి ఉంటుంది. ఆ వాక్యం ఉత్తర్వులో ఉన్నదో లేదో చూసుకుని, ఉంటే అంగీకారాన్ని రాతలో తీసుకోవాలి. ఫోనులో కుదిరిన ఒప్పందానికి సాయంత్రమే ఈమెయిల్ రూపం ఇవ్వాలి. ఇక్కడ మరువకూడని సంగతి మరొకటి ఉంది: ట్రైబ్యునల్ కార్యాలయాలు పెండింగు కేసులతో నిండి ఉండడం వల్ల దరఖాస్తుకు జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు, ఆ లోపు పాత గడువు అలాగే అమల్లో ఉంటుంది. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఉత్తర్వు ఆగిపోదు. జవాబు రాకపోతే, పాటించగలిగినంత మేరకు గడువు రోజుకే పాటించి, మిగిలినది ఎప్పటికి ఇవ్వగలరో చెప్పడమే క్షేమం.

ఉత్తర్వు నచ్చలేదన్న కారణంతో దాన్ని మార్చమని అడగడం మాత్రం వేరే సంగతి. న్యాయప్రయోజనం కోసం అవసరమైనప్పుడు, ముఖ్యంగా ఉత్తర్వు వల్ల ప్రభావితమైనవారికి ముందుగా తమ మాట చెప్పుకునే అవకాశం దొరకనప్పుడు, న్యాయమూర్తి పాత ఉత్తర్వును మార్చవచ్చు, నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. ఇరుపక్షాల వాదన విన్న తరువాత ఇచ్చిన ఉత్తర్వునైతే, పరిస్థితుల్లో ముఖ్యమైన మార్పు వస్తేనో, అప్పుడు ముందుంచిన సమాచారంలో పొరపాటు ఉంటేనో, అరుదైన మరో కారణం ఉంటేనో తప్ప తిరగదోడకూడదని ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రైబ్యునల్, అంటే ఈఏటీ, 2016లో సెర్కో సంస్థ కేసులో స్పష్టం చేసింది. అందువల్ల కొత్త విషయం ఏమిటో చెప్పకుండా పాత వాదననే మరింత గట్టిగా వినిపించే దరఖాస్తు నెగ్గదు. విచారణనే వాయిదా వేయమని అడిగేటప్పుడు వైద్యుడి పత్రం విషయంలో కూడా జాగ్రత్త అవసరం: ఉద్యోగానికి వెళ్లలేని స్థితి అని రాసిన మామూలు సిక్ నోట్ సరిపోదు, ఫలానా జబ్బు వల్ల విచారణకు హాజరై సాక్ష్యం చెప్పలేరని, ఎప్పటికి కోలుకోవచ్చునని వైద్యుడు రాయాలి. విచారణకు 7 రోజులలోపు పెట్టే వాయిదా దరఖాస్తులకు నియమావళి మరింత ఇరుకైన షరతులు పెట్టింది.

పాటించకపోతే ఏమవుతుందన్నది అందరినీ వేధించే ప్రశ్న. ట్రైబ్యునల్ చేతిలోని ఆయుధాల్లో పదునైనది అన్‌లెస్ ఆర్డర్. ఫలానా తేదీలోగా ఫలానా పని చేయని పక్షంలో ఫిర్యాదు, లేదా యజమాని జవాబు, ఇంకే ఉత్తర్వూ అవసరం లేకుండా దానంతట అదే కొట్టివేయబడుతుందని చెప్పే ఉత్తర్వు ఇది. ఇటువంటిది వచ్చినప్పుడు మిగతా పనులన్నీ ఆపి దీన్నే చూసుకోవాలి, ఎందుకంటే గడువు దాటిన తరువాత న్యాయమూర్తి అడిగే మొదటి ప్రశ్న కొట్టివేయడం న్యాయమా అని కాదు, ఉత్తర్వును సారాంశంలో పాటించారా లేదా అన్నదొక్కటే. పాటించడం అంటే ప్రతి అక్షరం పొల్లుపోకుండా అని కాదని, అడిగిన వివరాలను వాస్తవంగా ఉపయోగపడేలా ఇచ్చారా అన్నదే చూడాలని 2013లో ఓల్డ్‌హామ్ కౌన్సిల్ కేసులో ఈఏటీ చెప్పింది. కాబట్టి అసంపూర్తిగా ఉన్నా సరే, గడువులోగా చేయగలిగినంత మంచి జవాబు పంపడం ఏమీ పంపకపోవడం కన్నా ఎన్నో రెట్లు మేలు. కొట్టివేత నోటీసు వచ్చినా దారి పూర్తిగా మూసుకుపోదు: నోటీసు పంపిన తేదీ నుంచి 14 రోజుల్లో దాన్ని రద్దు చేయమని రాతపూర్వకంగా కోరవచ్చు. న్యాయప్రయోజనం అన్న విశాలమైన ప్రశ్న అప్పుడు వస్తుంది. తప్పు ఎందుకు జరిగింది, కావాలని చేసినదా, ఎంత తీవ్రమైనది, ఎదుటివారికి ఏ నష్టం కలిగింది, ఇప్పటికైనా సరైన విచారణ సాధ్యమేనా అన్నవి తూచుతారు. ఆ దరఖాస్తుతో పాటే, అప్పటిదాకా ఇవ్వని వివరాలను జతపరచడం అన్ని వాదనల కన్నా బలమైన వాదన.

అన్‌లెస్ ఆర్డర్ లేకుండా కూడా, ఉత్తర్వులను ఉల్లంఘించినందుకు, కేసును చురుకుగా నడపనందుకు, లేదా గెలిచే అవకాశం సహేతుకంగా లేనందుకు ఫిర్యాదును కొట్టివేయవచ్చు. అయితే దానికి ముందు వాది తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలి. ఈ అధికారానికి హద్దులు గీసిన తీర్పు 2006లో అప్పీల్ కోర్టు ఇచ్చిన బ్లాక్‌బస్టర్ కేసు. ఆరు రోజుల విచారణకు నిర్ణయించిన వివక్ష కేసును, న్యాయవాది లేని వాది ప్రక్రియ నియమాలను పాటించలేదన్న కారణంతో మొదటి రోజే ట్రైబ్యునల్ కొట్టివేసింది. ఆ నిర్ణయం అప్పీలులో నిలవలేదు. ఉద్దేశపూర్వకంగా, పదేపదే ఆదేశాలను లెక్కచేయకపోవడమో, సరైన విచారణే అసాధ్యం కావడమో ఉంటే తప్ప ఇంతటి శిక్ష తగదని, ఆ రెంటిలో ఒకటి ఉన్నా తప్పుకు తగిన చర్య అదేనా అని ఇంకా ఆలోచించాలని న్యాయమూర్తి సెడ్లీ తీర్పు చెప్పారు. 2021లో అడెకో కేసులో ఈఏటీ న్యాయమూర్తి టేలర్ మరో ముఖ్యమైన మాట చేర్చారు: ఫిర్యాదు ఏమిటో సరిగా గుర్తించకుండా దానికి గెలిచే అవకాశం లేదని తేల్చడం కుదరదు, న్యాయవాది లేని వ్యక్తి కేసులో ట్రైబ్యునల్ అతని ఫిర్యాదునూ ముఖ్య పత్రాలనూ చదివి ఆ గుర్తింపులో సహేతుకమైన ప్రయత్నం చేయాలి. ఈ రెండు కేసుల సారం తెలిసిన వాది, కొట్టివేత బెదిరింపు ఉత్తరం వచ్చినప్పుడు బెంబేలెత్తకుండా, తన తప్పు పదేపదే చేసినది కాదని, దాన్ని ఇప్పటికే సరిదిద్దానని, విచారణ ఇంకా సాధ్యమేనని వరుసగా చూపగలడు.

ఇంత మాత్రం చేత న్యాయవాది లేనివారికి నియమాలు సడలుతాయని అనుకోరాదు. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక సివిల్ కేసులో, సొంతంగా వాదించుకుంటున్న వ్యక్తి దావా పత్రాన్ని, ఎదుటి న్యాయవాదులు ఈమెయిల్‌లో స్వీకరించడానికి ఒప్పుకున్నారో లేదో కనుక్కోకుండా, గడువు చివరి దశలో ఈమెయిల్‌లో పంపాడు. ఆ అందజేత చెల్లదని, నియమాలను పాటించే విషయంలో న్యాయవాది లేనివారికి వేరే తక్కువ ప్రమాణం ఉండదని ఐదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. ఇద్దరు విభేదించారంటే ఆ గీత ఎంత సన్ననిదో తెలుస్తుంది. విచారణ గదిలో న్యాయమూర్తి మాటలు వివరించి చెబుతారు, ప్రశ్న వేయడంలో సాయపడతారు, అలా చేయమని న్యాయమూర్తుల కోసం రూపొందించిన ఈక్వల్ ట్రీట్‌మెంట్ బెంచ్ బుక్ కూడా మొదటి అధ్యాయంలోనే సూచిస్తుంది; గడువు లెక్క దగ్గర మాత్రం ఆ సానుభూతిపై ఆధారపడకూడదు. గెలిచే అవకాశం తక్కువగా ఉందనిపిస్తే, ఒక్కో ఆరోపణకు 1,000 పౌండ్ల దాకా డిపాజిట్ కట్టి ముందుకు వెళ్లమని కూడా ట్రైబ్యునల్ ఆదేశించగలదు. కట్టకపోతే ఆ ఆరోపణ పోతుంది. అసమంజసంగా ప్రవర్తించినవారిపైనా, ఉత్తర్వును ఉల్లంఘించినవారిపైనా ఖర్చులు వేసే అధికారమూ ఉంది.

ఉల్లంఘన ఎప్పుడూ ఉద్యోగి వైపే ఉంటుందనుకోవడం పొరపాటు. యజమాని పత్రాలు ఇవ్వకపోవడం, బండిల్ ఆలస్యం చేయడం తరచూ జరుగుతుంది. అప్పుడు మొదటి ఉత్తరంలోనే ఎదుటివారి జవాబును కొట్టివేయమని కోరడం వల్ల ఫలితం ఉండదు. గడువు దాటిన మరునాడు మర్యాదగా గుర్తుచేసి, ఏడు రోజుల్లో ఇవ్వమని అడిగి, అప్పటికీ రాకపోతే ఉత్తర్వు పేరాను, తేదీలను, పంపిన ఉత్తరాలను జతచేసి ఫలానా పత్రాన్ని ఫలానా తేదీలోగా ఇవ్వమని ఆదేశించాలని, లేకుంటే అన్‌లెస్ ఆర్డర్ జారీ చేయాలని కోరితే న్యాయమూర్తి చేతికి సిద్ధమైన ఆధారం దొరుకుతుంది. సరైన కారణం లేకుండా పత్రాల వెల్లడి ఉత్తర్వును పాటించకపోవడం 1996 నాటి ట్రైబ్యునల్ చట్టం ప్రకారం 1,000 పౌండ్ల దాకా జరిమానా పడగల నేరం కూడా. ఉత్తరాల భాషలో కోపం ఉండకూడదు. ప్రతి ఈమెయిలూ చివరికి న్యాయమూర్తి చదవబోయే పత్రమే. సలహా కోసం కార్మిక సంఘం, సిటిజన్స్ అడ్వైస్, లా సెంటర్లు, న్యాయవాదుల ఉచిత సేవా సంస్థ అడ్వొకేట్, లండన్‌లోని ఫ్రీ రిప్రజెంటేషన్ యూనిట్ ఉన్నాయి, అయితే అన్నీ గిరాకీ ఎక్కువగా ఉన్నవే కాబట్టి ప్రాథమిక విచారణ తేదీ తెలిసిన నాడే సంప్రదించాలి.

ఇంగ్లిష్‌లో మాట్లాడడం అలవాటే అయినా ప్రశ్నోత్తరాల ఒత్తిడిలో తడబడతామన్న భయం ఉన్నవారు తెలుగు దుబాసీని ముందుగానే కోరవచ్చు, దానికి వాది డబ్బు కట్టవలసిన పని లేదు. ఉత్తర్వులో తప్పు చట్టపరమైనదైతే ఈఏటీకి అప్పీలు చేయడానికి 42 రోజుల గడువు ఉంటుంది, అప్పీలు పెట్టినంత మాత్రాన కేసు ఆగదు. వీసా ముగిసి హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వచ్చేసినవారి విషయంలో మరో ఉత్తర్వు కీలకమవుతుంది. విదేశంలో కూర్చుని వీడియోలో వాదన వినిపించడానికి అడ్డు లేదు గాని, సాక్ష్యం చెప్పాలంటే ఆ దేశ ప్రభుత్వానికి అభ్యంతరం లేదని ముందుగా తేలాలని ట్రైబ్యునళ్ల అధ్యక్షులు 2022లో మార్గదర్శకాలు ఇచ్చారు. ఆ అభ్యంతరం ఉందో లేదో కనుక్కోవడం బ్రిటన్ విదేశాంగ శాఖ ద్వారా జరుగుతుంది, దానికి సమయం పడుతుంది. అందుకే దేశం విడిచేనాటికే కొత్త చిరునామా, ఈమెయిల్ ట్రైబ్యునల్‌కూ ఎదుటి పక్షానికీ తెలిపి, తానూ తన సాక్షులూ ఏ దేశం నుంచి మాట్లాడతారో ప్రాథమిక విచారణలోనే చెప్పి, అనుమతి సంగతి ఎప్పటిలోగా తేల్చాలో ఉత్తర్వులో రాయించుకోవడం, అనుమతి రాని పక్షంలో విచారణ రోజులకు బ్రిటన్ వెళ్లి రావడం సాధ్యమా అన్నది ఆనాడే చూసుకోవడం అవసరం.